మామ్మ పేరుతో కొన్న గాలి

"అది నాదండి."

"కాదండి, నాది."

రాజమండ్రి దేవీచౌక్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ షాపులో, ఫ్యాన్లకీ మిక్సీలకీ మధ్య ఇరుకు సందులో, ఒకే అట్టపెట్టె మీద రెండు చేతులు పడ్డాయి. ఒకటి యుగంధర్‌ది. అరటి గెలలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి. రెండోది గాజుల చెయ్యి. ఆ గాజుల అమ్మాయి ముక్కు ఎర్రగా ఉంది, కళ్ల నిండా నీళ్లు. ఏడుస్తోందేమోనని హడలిపోయి యుగంధర్ చెయ్యి తీసేశాడు.

ఆమె ఏడవలేదు. వరసపెట్టి తుమ్మింది.

"థాంక్సండి," అంది కర్చీఫ్‌లోంచి. "మీరు వదిలేశారు కాబట్టి ఇది నాదే."

"నేనెక్కడ వదిలానండి? మీరు ఏడుస్తున్నారనుకుని జరిగాను."

"ఎయిర్ ప్యూరిఫయర్ కోసం ఎవరైనా ఏడుస్తారా అండి?"

సేల్స్‌మన్ గణేష్‌బాబు చేతులు నలుపుకుంటూ మధ్యలోకి వచ్చాడు. "ఆయ్, గొడవెందుకండి. ఈ మోడల్ ఒక్క పీసే మిగిలింది. ఉత్తరాదిలో పొగ ఎక్కువై స్టాకంతా అటే లాగేస్తున్నారండి. ఇదిగో, దీన్ని చూడండి. అయాన్ బటన్ ఉంది, రిమోట్ ఉంది, నీలం లైటు కూడా ఉంది."

"లైటు మా ఇంట్లో ఉంది గానీ, అయాన్ బటన్ నాకు పడదండి. మా చిన్నాన్నగారింట్లో అలాంటిదే పెట్టారు. ఆ వాసనకి గొంతు పట్టేసి, వెళ్లినదాన్ని వెళ్లినట్టే వచ్చేశాను. నాకు మామూలు హెపా ఫిల్టర్‌ది చాలు." ఆమె యుగంధర్ వైపు తిరిగింది. "మీది ఎంత గది అండి?"

"గది అంటే... మామూలు గదేనండి."

"కొలత తెలీకుండా కొనేస్తున్నారా? ఇది పడకగదికి సరిపోతుంది. పెద్ద హాల్లో పెడితే చెంబుతో గోదారి తోడినట్టే. ఇంతకీ ఎవరికండి?"

అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. "నాకేనండి" అంటే సరిపోయేది. ఆ అమ్మాయి ఏ మొహమాటమూ లేకుండా తుమ్ముతూ నిలబడే ఉంది కదా! కానీ యుగంధర్ ఆరడుగుల మనిషి. రావులపాలెం అరటి మార్కెట్‌లో లారీ మీదకి గెలని ఒంటిచేత్తో అందించే మనిషి. నాలుక మీదికి వచ్చిన నిజం అక్కడే అంటుకుపోయింది.

"మా మామ్మకండి," అన్నాడు.

"అయ్యో! మామ్మగారికి ఏమైంది?"

"సార్వా వరికోతలు మొదలైతే చాలు, ఊపిరి ఆడదండి. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. గోడకి ఆనుకుని తెల్లారేదాకా కూర్చునే ఉంటుంది. ఈసారి తెల్లారుతుందో లేదో అని భయం."

మనిషి తప్ప మిగతాదంతా నిజమే. అందుకే కాబోలు, చెబుతుంటే అతని గొంతు వణికింది. ఆ వణుకు ఆ అమ్మాయికి నేరుగా తగిలింది. అట్టపెట్టెని రెండు చేతులతో అతని వైపు తోసింది.

"ముందే చెప్పొచ్చు కదండి! తీసుకెళ్లండి. నాకు ఎక్కువగా తుమ్ములే. ఎప్పుడైనా ఆయాసం వస్తే మందులున్నాయి. నేను తర్వాత వచ్చే స్టాకులో తీసుకుంటాను."

"వద్దండి, మీరే..."

"పెద్దావిడ ఊపిరి లాక్కుని నేనేం బావుకుంటానండి? మీ నంబరివ్వండి. మామ్మగారికి ఎలా ఉందో నాకు చెప్పాలి."

ఆమె పేరు నాగదుర్గ. ఆత్రేయపురంలో వాళ్ల నాన్నకి పూతరేకుల దుకాణం ఉంది. ఊరూరికీ పార్సిళ్లు పంపే పని ఆమె చూసుకుంటుంది. బైకుకి పెట్టె కట్టుకుని గోదావరి బ్రిడ్జి దాటుతున్నంతసేపూ యుగంధర్‌కి ఆ ఎర్ర ముక్కే కళ్లలో మెదిలింది. ఎవరి చేతిలోంచి లాక్కుని పోతున్నాడో తెలిసి తెలిసీ పోతున్నాడు.

అసలు సంగతి చెప్పాలంటే, యుగంధర్ ఇంట్లో ఒక మాట అనకూడదు. "ఉబ్బసం" అనే మాట. తుమ్మినా పడిశమే, దగ్గినా పడిశమే, ఊపిరి అందక కళ్లు తేలేసినా పడిశమే. యుగంధర్ తండ్రి వీరబ్రహ్మం ఓ ఏడు నూర్పిళ్లలో, ధాన్యం ధూళిలో, చేలోనే కూలిపోయాడు. అప్పటికి యుగంధర్ స్కూలు పిల్లాడు. తండ్రి గుండెల్లోంచి వచ్చిన ఆ పిల్లికూతల చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. కొన్నేళ్లకి అదే చప్పుడు తన గుండెల్లోంచి వినిపించిన రోజున అతను ఎవరికీ చెప్పలేదు. రాజమండ్రి డాక్టరు దగ్గరకి దొంగలా వెళ్లి మందు తెచ్చుకున్నాడు. లారీ చాటుకి వెళ్లి పీలుస్తాడు. మందు మానకుండా వాడుతూ, పడుకునే గదిలో ఫిల్టర్ కూడా పెట్టుకుంటే కాస్త తెరిపిగా ఉంటుందని డాక్టరే చెప్పాడు.

ఇంటికి రాగానే మామ్మ రత్తమ్మ అడిగింది, "ఏంట్రా ఇది?"

"దోమల మిషన్ మామ్మా."

చూశారా, ఒక అబద్ధం ఆడితే దానికి తోడు ఇంకోటి కావలసి వచ్చింది! రత్తమ్మ కొత్త వస్తువుని ఊరికే వాడనిస్తుందా? మిషన్‌కి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. చివరికి నిప్పుల మీద సాంబ్రాణి వేసి, మిషన్ చుట్టూ గుప్పుగుప్పున ధూపం తిప్పింది.

అంతవరకూ పచ్చగా వెలుగుతున్న లైటు భగ్గున ఎర్రబడింది. మిషన్ హోరుమని అరవడం మొదలుపెట్టింది.

"ఓరి నాయనో! దీనికేదో పట్టిందిరా! సాంబ్రాణికి గుడ్లెర్రజేసిన వస్తువుని ఇంట్లో ఉంచకూడదు!"

"పొగకి అలాగే అరుస్తుంది మామ్మా, గాలి బాగుచేస్తోంది..." అంటుండగానే పొగ యుగంధర్ గొంతులోకి దిగింది. దగ్గు తెర ఆగలేదు. గోడ పట్టుకుని వంగిపోయాడు.

రత్తమ్మ ధూపం అక్కడే దించేసి, మనవడి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "పడిశం చేసింది నీకు. మిరియాల పాలు కాస్తానుండు," అంటూ మొహం తిప్పుకుని వంటింట్లోకి పోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. భయం మాత్రం ఇద్దరికీ ఒకటే, దాన్ని ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటున్నారు.

మర్నాటి నుంచి మెసేజ్‌లు మొదలయ్యాయి.

"మామ్మగారు ఎలా ఉన్నారండి?"

"పర్వాలేదండి. కానీ మిషన్ అస్తమానూ ఎర్రగా వెలుగుతోంది."

"ఆ గదిలో సాంబ్రాణి, అగరొత్తులు వెలిగిస్తున్నారా?"

"మీకెలా తెలుసండి?"

"మా ఇంట్లోనూ ఉన్నారుగా పెద్దవాళ్లు! దేవుడికి దణ్ణం హాల్లో పెట్టుకోమనండి. కిటికీలు మూసి ఉంచండి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. మిషన్‌కి పైన జాలీ ఒక్కటే దులపాలి, లోపలి ఫిల్టర్ కడిగేయకండేం. మా చిన్నాన్న కుంకుడుకాయ రసంతో కడిగి నాశనం చేశాడు."

చెప్పినవన్నీ చేశాడు. కొన్నాళ్లకి కోతల కాలంలో మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. పొద్దున్న లేచి ఆశ్చర్యంతో మెసేజ్ పెట్టాడు, "మామ్మ బాగా నిద్రపోయిందండి."

"హమ్మయ్య! పొద్దున్నే ఎంత మంచి మాట చెప్పారండి," అని వచ్చింది.

తన ఊపిరి గురించి ఇంకొకరు హమ్మయ్య అనుకోవడం అతనికి కొత్త. ఆ మెసేజ్‌ని మార్కెట్‌లో గెలల మధ్య నిలబడి ఎన్నిసార్లు చూసుకున్నాడో లెక్కలేదు. ఆనక గుర్తొచ్చేది, ఆ హమ్మయ్య తనది కాదు, మామ్మది. "మీ మిషన్ వచ్చిందా అండి?" అని అడిగితే, "ఇంకా స్టాకు రాలేదండి" అనేది. వెంటనే తుమ్ముతున్న బొమ్మ ఒకటి పంపేది.

"అది నాకోసమే కొన్నానండి" అని టైప్ చేసేవాడు. తుడిచేసేవాడు. చెబితే రెండు రకాలుగా పోతుంది పరువు. అబద్ధాలకోరు ఒకటి, రోగిష్టివాడు ఇంకొకటి.

ఓ మధ్యాహ్నం ఆమె పార్సిళ్లు పంపడానికి రావులపాలెం వచ్చి, మార్కెట్ దగ్గర యుగంధర్‌ని పలకరించింది. సముద్రంలో అల్పపీడనమట, ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. ఇద్దరూ టీకొట్టు రేకు కిందకి పరుగెత్తారు. రేకు మీద వాన చప్పుడుకి మాట వినబడక ఆమె కాస్త దగ్గరికి జరిగింది. యుగంధర్ టీ గ్లాసులోకే చూస్తూ నిలబడ్డాడు. చూపు పైకెత్తితే దొరికిపోతాడని భయం.

"వాన పడితే నాకు ప్రాణం లేచొస్తుందండి," అంది నాగదుర్గ, గుండెల నిండా గాలి పీల్చి. "ధూళంతా అణిగిపోతుంది."

"నాకూ అంతేనండి," అనేశాడు.

"మీకూనా?"

"అంటే... మామ్మకి. ఆవిడ బాగుంటే నాకూ బాగుంటుంది కదండి."

ఆమె అతనికేసి తిరిగింది. "మీ మామ్మగారంటే మీకెంత ప్రేమండి! ఆవిణ్ణి చూడాలనుంది నాకు. ఆదివారం మీ ఇంటికొస్తాను. ఏం, రావద్దా?"

ఈ లోకంలో యుగంధర్ ఎక్కువగా కోరుకున్నదీ అదే, ఎక్కువగా భయపడిందీ అదే.

ఆదివారం దాకా ఆగనే లేదు ఆ గండం. శుక్రవారం పొద్దున యుగంధర్ పెరట్లో స్నానం చేస్తుంటే లోపల ఫోన్ మోగింది. తలుపు తీసుకుని వచ్చేసరికి రత్తమ్మ ఫోన్ పట్టుకుని వీధరుగు మీద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరే మామ్మా?"

"ఎవరో పిల్లరా. ఆత్రేయపురం పూతరేకుల కొట్టు దుర్గట. మామ్మగారూ, మీ ఆయాసం ఎలా ఉందండీ అని అడిగింది. నాకు ఆయాసమేంటమ్మా, ఇప్పుడే రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చాను అన్నాను. ఇంక మాటాడలేదు."

యుగంధర్ అక్కడే చతికిలబడ్డాడు. అయిపోయింది. అంతా అయిపోయింది.

"అది కాదురా," రత్తమ్మ గొంతు తగ్గించింది. "మాటాడలేదంటే కోపమొచ్చి కాదు. మాట రాలేదు ఆ పిల్లకి. మాట మాటకీ మధ్య కూత వినబడింది. మీ నాన్నకి అలాగే..." అని ఆగిపోయింది.

అతను తిరిగి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

ఇంతవరకూ యుగంధర్ పడ్డ భయాలన్నీ తన గురించే. దొరికిపోతానని, నవ్విపోతారని, తండ్రిలా పోతానని. ఇప్పుడు పుట్టిన భయం వేరు. ఆ మిషన్ ఉండాల్సింది ఆ అమ్మాయి గదిలో. తను అబద్ధమాడి తెచ్చుకుని, హాయిగా వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ప్లగ్గు పీకి, మిషన్‌ని బైకుకి తాళ్లతో కట్టుకున్నాడు. రత్తమ్మ ఏదో అరుస్తున్నా వినలేదు. కాలవ గట్టు మీద చాలా దూరం పోయాక జేబు తడుముకుంటే మందు లేదు. ఇంట్లోనే వదిలేశాడు.

అప్పుడే ఎదర చేలో కోత మిషన్ తిరుగుతోంది. ధూళి రోడ్డుకి అడ్డంగా తెర కట్టింది. వెనక్కి తిరిగితే ఇల్లు. ముందుకి పోతే ఆ ధూళి.

తువ్వాలు ముక్కుకి కట్టుకుని ముందుకే పోనిచ్చాడు.

ఆత్రేయపురం చేరేసరికి అతనికి రోడ్డు సరిగ్గా కనబడటం లేదు. దుకాణంలో బేరం బాగానే ఉంది. కార్లలో వచ్చినవాళ్లు పెట్టెలు కట్టించుకుంటున్నారు. గల్లాపెట్టె వెనక ఉన్న పెద్దాయన, నాగదుర్గ తండ్రి జానకిరామ్, మిషన్‌ని గుండెలకి హత్తుకుని తూలుతూ వస్తున్న మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. లోపలి గుమ్మం దగ్గర కుర్చీలో నాగదుర్గ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. పాలిపోయింది గానీ ఊపిరి తీసుకుంటోంది. బతికే ఉంది. యుగంధర్‌కి అది చాలు.

"ఇది... మీదండి... మామ్మది కాదు... నేను..."

గుండెల్లోంచి పిల్లికూతలు దుకాణమంతా వినబడ్డాయి. కొనేవాళ్లు తిరిగి చూశారు. ఇంక దాచడానికి ఏం మిగిలింది!

నాగదుర్గ ఒక్క చూపులో గ్రహించింది. ఆ బాధ ఎరిగిన మనిషి కదా. "నాన్నా, ఆ మిషన్ అందుకో. ఆయన్ని కూర్చోబెట్టు. వెనక్కి వాలనివ్వకు." లోపల్నుంచి కొత్త మందు డబ్బా, గొట్టం తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మీరు వాడేదీ నీలం డబ్బాయేనా?"

తల ఊపాడు.

"అయితే మాటాడకండి. ముందు ఊపిరి తీసుకోండి. తర్వాత తిడతాను."

కాసేపటికి కూత తగ్గింది. నాగదుర్గ ఎదురుగా కూర్చుంది. "మీరు ఫోన్ చేసేసరికి ఆసుపత్రిలో మందు పట్టించుకుంటున్నాను. ఆయాసం ముదిరాక మిషన్ తెస్తే ఏం లాభమండి? అప్పుడు కావల్సింది మందు. అది కూడా లేకుండా ఆ ధూళిలో పడి వచ్చారా? బుద్ధుందా అసలు?"

"మీకేమైనా అవుతుందేమోనని భయమేసిందండి."

"మరి ఇన్నాళ్లూ అబద్ధం ఎందుకు?"

"అదీ భయమేనండి." యుగంధర్ తల దించుకున్నాడు. "మా నాన్న చేలో పడిపోయిన రోజు మందు ఇంట్లో ఉంది. ఎవరైనా చూస్తారని వెంట తీసుకెళ్లలేదు. నేను అలా పోకూడదని రోజూ అనుకుంటాను. రోజూ ఆయన చేసిందే చేస్తాను. మీ చేతిలోంచి మిషన్ లాక్కున్నది నాకోసమే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తుమ్ములవి కావు. "మీ మామ్మగారు బాగుండాలని రోజూ దణ్ణం పెట్టుకున్నాను. అన్నీ మీకే చేరాయన్నమాట! సిగ్గు లేదా అండి మీకు?"

"లేదండి. మీరంటే ఇష్టం. ఈ రోగం ఉన్నవాడు అడగొచ్చో లేదో తెలీదు."

"ఈ రోగం ఉన్నదాన్నేగా అడుగుతున్నారు," అంది నాగదుర్గ. తండ్రి ఉన్నాడని గుర్తొచ్చి శాలువా ముక్కు దాకా లాక్కుంది.

జానకిరామ్ అంతా విన్నాడు. ఆయన బెంగ ఆయనది. కూతురికి రెండు మంచి సంబంధాలు వచ్చి, పిల్ల తన జబ్బు సంగతి తానే చెప్పేస్తే తప్పిపోయాయి. నోరు మూసుకోవచ్చు కదా అని అప్పుడు కూతుర్ని కేకలేశాడు. ఇప్పుడు నోరు మూసుకున్నవాడి అవస్థ కళ్లారా చూశాడు.

అంతలో ఆటో ఒకటి దుకాణం ముందు ఆగింది. రత్తమ్మ చెప్పుల్లేకుండా దిగి పరుగెత్తుకొచ్చింది. పిడికిట్లో మనవడి మందు డబ్బా ఉంది. కుర్చీలో అతన్ని చూసి ఒళ్లంతా తడిమింది. ఆ తర్వాత గానీ చుట్టూ ఉన్న జనం కనబడలేదు ఆవిడకి. చటుక్కున డబ్బాని పమిట చాటుకి తీసేసింది.

"ఏం లేదండి, పడిశం," అంది అందరికేసీ చూస్తూ. "మావాడికి చిన్నప్పట్నుంచీ ఇంతే. పడిశం వస్తే కాస్త..."

"నీకు తెలుసా మామ్మా?" అన్నాడు యుగంధర్.

రత్తమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఊరుకోరా. అంటే నిజమైపోతుంది. మీ నాన్న విషయంలో ఒక్కసారి అన్నాను. ఆ ఏడే పోయాడు."

జానకిరామ్ చేతిలో ఉన్న పూతరేకుల పెట్టె కింద పెట్టి, గల్లాపెట్టె దాటుకుని వచ్చి, ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొనడానికి వచ్చినవాళ్లంతా వింటున్నారని ఆయనకి తెలుసు. గొంతు తగ్గించలేదు.

"పిన్నిగారండీ, మా అమ్మాయికి ఉబ్బసం ఉందండి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఉంది. కోతలప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది. మిగతా రోజుల్లో పులిలా ఉంటుంది. అన్నీ తెలిసి మీరు మీ మనవడికి చేసుకుంటామంటే, నాకు ఇష్టమేనండి."

రత్తమ్మ ఆయనకేసి చూసింది. శాలువా చాటునున్న పిల్లకేసి చూసింది. పమిట చాటునుంచి చెయ్యి తీసి, ఆ డబ్బాని అందరికీ కనబడేలా మనవడి జేబులో పెట్టింది.

"మావాడికీ అదేనండి," అంది. ఇంకో మాట కోసం చాలాసేపు తడుముకుంది. "ఉబ్బసం."

అని, దుకాణం మధ్యలో కూలబడి బావురుమంది. నాగదుర్గ గబగబా లేచి వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చుంది.

"ఏమీ కాదు మామ్మగారూ," అంది. "చెప్పేశారు కదా, ఇంక మేం చూసుకుంటాం."